మన మట్టితోనే మొదలుపెట్టండి

అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలతో నాలుగు మాటలు.

మన జేఎన్‌టీయూ కళాశాల 1946లో మద్రాసు గిండీలో మొదలైంది. 1948లో మన ఊరికి వచ్చింది. 2008లో విశ్వవిద్యాలయమైంది. కళాశాల మొదలైన రోజుల్లో దేశానికి డ్యాములు, రోడ్లు కట్టేవాళ్లు కావాలి. మరి ఇప్పుడో? పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో రోబోలు వెల్డింగ్ చేస్తున్నాయి. ఎన్.పి.కుంటలో సోలార్ పలకలు బారులు తీరాయి. పని మారింది. చదివే తీరూ మారాలి కదా!

కోడింగ్ నేర్చుకోండి, వద్దనను. కానీ కోడ్ రాసిపెట్టే యంత్రాలు వచ్చేశాయి. అవి రాసింది తప్పో ఒప్పో మీరు చెప్పగలగాలి. ఆ నేర్పు చేత్తో పని చేస్తేనే వస్తుంది.

ఒక ఉదాహరణ. మట్టిలో తేమ కొలిచే సెన్సర్ ఒకటి కొనండి. ఖరీదు తక్కువే. చీనీ చెట్టు కింద, డ్రిప్పు పక్కన గుచ్చండి. ఏదో అంకె చూపిస్తుంది. వెంటనే నమ్మేయకండి! అక్కడి మట్టి పిడికెడు తెచ్చి తూకం వేయండి. ఓవెన్‌లో బాగా ఎండబెట్టండి. మళ్లీ తూకం వేయండి. తగ్గిన బరువే అసలు తేమ. సెన్సర్ అంకెను దాంతో సరిచూడండి. మన ఎర్రనేలలో ఒక లెక్క వస్తుంది, తాడిపత్రి వైపు నల్లరేగడిలో ఇంకో లెక్క వస్తుంది.

అన్నట్టు, బోరు నీళ్లలోని ఉప్పు డ్రిప్పు రంధ్రాల్ని మూసేస్తుంది. అప్పుడు మట్టి ఎండిందని మాత్రమే సెన్సర్ చెబుతుంది. ఎందుకు ఎండిందో రైతును అడగండి.

ఈ సెలవుల్లోనే చేసి చూడండి. జట్టులో ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒకరు, సివిల్ వాళ్లు ఒకరు ఉంటే మరీ మంచిది.