తెలియరాని బుద్ధికి తెలుగు నమస్కారము

(కాసిడీహ్‌లో జరిగిన సాంస్కృతిక సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ సాయంకాలము నేను ప్రసంగింపనెంచిన విషయము మన నిత్యవ్యవహారమునకు మిక్కిలి దూరముగా తోపవచ్చును. అన్యగ్రహములందు బుద్ధిగల ప్రాణి యున్నచో, ఆ బుద్ధి మన కెన్నటికిని అందనిదైనచో, వారితో మన మొదటి సమాగమ మెట్లుండును? శాస్త్రకల్పనా సాహిత్యమున ఈ ప్రశ్నకు గొప్ప స్థానము కలదు. దీనితో తెలుగువారికి ప్రత్యక్ష సంబంధ మొకటి యున్నది. అందుచేతనే దీనిని మీ ముందుంచుచున్నాను.

1977వ సంవత్సరమున అమెరికావారు వాయేజర్ అను జంట నౌకలను అంతరిక్షమునకు పంపిరి. ఒక్కొక్కదానిలో బంగారుపూత పూసిన పన్నెండంగుళముల రాగి గ్రామఫోను పళ్లెము నమర్చిరి. అందు సంగీతము, చిత్రములు, ప్రకృతిధ్వనులతోబాటు 55 భాషలలో శుభాకాంక్షలు కలవు. వానిలో తెలుగు ఒకటి. తెలుగు మాటలాడు జనుల పక్షమున నమస్కరించు ఆ చిన్న పలుకు 2012లో మొదటి నౌకతోను, 2018లో రెండవ నౌకతోను సౌరవాయువు పరిధిని దాటి, నక్షత్రముల నడిమి శూన్యమున ప్రవేశించినది.

లోహములకు పేరెన్నికగన్న ఈ నగరమున ఆ పళ్లెపు నిర్మాణమును గూర్చి ఒక్క మాట చెప్పవలయును. దానికి అల్యూమినియము కవచము తొడిగి, ఆ కవచముపై రవంత యురేనియము పూసిరి. యురేనియము కాలక్రమమున క్షీణించును గనుక, దొరికినవారు దానినిబట్టి పళ్లెము వయస్సు కట్టగలరని భావము. పళ్లెమును వాయించు విధానమును బొమ్మలలో చెక్కిరి. ఎంతటి శ్రద్ధ! కాని ఈ శ్రద్ధ యంతయు ఒక నమ్మకముపై నిలిచియున్నది. దొరికినవారికి చూపుండును, వినికిడి యుండును, లెక్కపెట్టు అలవాటుండును అని ఆ నమ్మకము. చేతులే లేని ప్రాణికి నమస్కారమనగా నేమి?

మన పురాణములలో ఈ చిక్కు లేదు. నారదుడు ఏ లోకమున కేగినను సంభాషణకు కొదువ లేదు. నలుని హంస దమయంతితో ముచ్చటించినది. సత్యజిత్ రాయ్ 1962లో బంగాళీలో వ్రాసిన కథలో, అన్యగ్రహవాసి బంకుబాబుతో ఆతని భాషలోనే స్నేహముగా మాటలాడును. 1898లో వెల్స్ వర్ణించిన కుజగ్రహవాసులు మాటలాడకున్నను, వారి ఉద్దేశము మనకు తెలియును. అది దండయాత్ర. దండయాత్ర మనుష్యు లెరుగని విద్య కాదు.

పోలెండు రచయిత స్తానిస్లావ్ లెమ్ 1961లో ప్రకటించిన 'సోలారిస్' నవల ఇందుకు భిన్నమైన దారి త్రొక్కినది. రెండు సూర్యుల చుట్టు తిరుగు ఆ గ్రహమును ఆవరించియున్న సముద్రమే ఒక ప్రాణి. శాస్త్రజ్ఞులు తరములతరబడి దానిని పరిశీలించి గ్రంథాలయములు నింపిరి. అది పుట్టించు వింత ఆకృతులకు పేర్లు పెట్టిరి. దాని మనస్సు మాత్రము ఒకరికిని దొరకలేదు. విసిగినవారు తుదకు దానిపై తీవ్రమైన ఎక్స్‌కిరణములను ప్రయోగించిరి. పిమ్మట పరిశోధనాస్థానమున చిత్రమైన అతిథులు కానరాసాగిరి. కెల్విన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుని యెదుట, ఏనాడో మరణించిన ఆతని భార్య నిలిచినది. సముద్రము ఆతని జ్ఞాపకమునుండియే ఆమెను మలచినది. అది వరమా, శిక్షయా, ప్రయోగమా? కథ ముగిసినను సమాధానము లేదు.

సమాధానము లేని కథ యేల చదువవలయునని మీరడుగవచ్చును. అర్థము కానిదాని యెదుట మానవుడెట్లు ప్రవర్తించునో ఇట్టి కథయే చూపగలదు. అతడు మొదట పేరు పెట్టును. పిమ్మట తన పోలికలు వెదకును. అవి కానరానిచో బలము ప్రయోగించును. కడపట కెల్విన్ మాత్రము తీరమున నిలిచి అలకు చేయి చాచును. అల ఆ చేతిని తాకదు. నడుమ సన్నని ఎడముంచి చుట్టుకొనును. అతడు దానిని జయింపలేదు, గ్రహింపలేదు. కాని దాని సన్నిధిని నిలువ నేర్చినాడు. నా దృష్టిలో ఆ నవల సారమిదియే. తెలియనివాడు శత్రువు కానక్కరలేదు, సేవకుడును కానక్కరలేదు.

జవాబు రాని ఉత్తరమునకు జ్ఞాపిక వ్రాయుట మన కార్యాలయ మర్యాద. వాయేజర్ విషయమున ఆ సౌకర్యము లేదు. మొదటి నౌక మరియొక నక్షత్రమునకు కొంత చేరువగా పోవుటకు సుమారు 40,000 సంవత్సరములు పట్టును. అయినను ఆ నమస్కారము వృథా కాదు. జవాబుపై ఆశ లేకుండ చేసిన నమస్కారమే మర్యాదకు గీటురాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. తెలియనిది వేరు, తెలియరానిది వేరు. సోలారిస్ సముద్రము తెలియరానిది. మన పొరుగువారు తెలియరానివారు కారు. మనము తెలిసికొనకున్నాము, అంతియే. ఆ 55 భాషలలో తెలుగు కలదు. సంతాలీ లేదు, హో భాష లేదు. ఈ సింహభూమి మాటలాడు భాషలవి. సంతాలీకి పండిత రఘునాథ్ ముర్మూ 1925లో ఓల్ చికీ లిపిని నిర్మించినారు. 2003 నాటి రాజ్యాంగ సవరణచే ఆ భాష అష్టమ షెడ్యూలున చేరినది. కడుపు చేతబట్టుకొని ఉక్కు కర్మాగారమునకు వచ్చిన మన పెద్దలు హిందీయు, బంగాళీయు పట్టుబడ నేర్చిరి. ఇప్పుడు మనలో నెందరు 'జోహార్' అనిన పిదప సంతాలీలో రెండవ మాట చెప్పగలరు? ఇచ్చట ఎక్స్‌కిరణములతో పని లేదు, నలువది వేల యేండ్లు వేచియుండనక్కర లేదు. వీధి దాటిన చాలును.

నక్షత్రములకు నమస్కారము పంపిన జాతి మనది. ఆ మర్యాదను పొరుగింటనుండియే ఆచరింతము గాక.