జనసంఖ్య - శాసనము - గృహధర్మము

జనులు మితిమీరి పెరుగుచున్నారు గాన శాసనముచే నాపవలెనను వాదము చిరకాలముగ వినవచ్చుచున్నది. ఇప్పుడు దాని కెదురువాదము కూడ బయలుదేరినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు ఇంకను ఎక్కువమందిని కనుడని పిలుపునిచ్చిరి. గ్రామస్థులమైన మనము దేనిని వినవలెను?

లోకమున 1950 నాటికి ఇంచుమించు 250 కోట్లమంది యుండిరి. 2022 నవంబరు 15వ తేదీకి ఆ సంఖ్య 800 కోట్లు చేరెనని ఐక్యరాజ్యసమితి లెక్క. మన దేశమున 1951లో 36 కోట్లు, 2011లో 121 కోట్లు. తల్లులు మునుపటికంటె నెక్కువ కనుటచే నిట్లు కాలేదు. మశూచి, కలరా యిండ్లను ఖాళీచేసిన దినములలో ఆర్గురను కన్న తల్లికి ఎందరు దక్కుదురో తెలియదు. టీకాలు, మందులు, మంచినీరు వచ్చి బిడ్డలు బ్రదికిరి. కానుపుల అలవాటు మాత్రము కొంతకాలము పాతదే నిలిచెను. అందుచేత జనసంఖ్య పెరిగినది.

లేమికెల్ల జనసంఖ్యయే కారణమనుట సగము మాట. మన ఆసిఫాబాదు సీమనే చూడుడు. గోండులకు, కోలాములకు భూమి చేజారుట వారి సంతానమువలన గాదు. నిజాము ప్రభుత్వము అడవులను రిజర్వు చేసెను. మైదానములనుండి వచ్చినవారు సాగుభూములకు పట్టాలు పొందిరి. ఆ బాధనుండి పుట్టిన పోరాటమునందే 1940లో జోడేఘాటు కడ కొమురం భీము ప్రాణము లర్పించెను.

అట్లని మితసంతానము వలదనను. నాలుగెకరముల చెలక నలుగురు కొడుకులకు ఎకరము చొప్పున, మనుమలకు గుంటల చొప్పున వచ్చుట మీరెరిగినదే. దానిని సాధించు మార్గమేది యనునదే ప్రశ్న.

దండనమార్గమును మనము చూచితిమి. 1975-77 నాటి అత్యవసరస్థితిలో ఉత్తరదేశమున బలవంతపు శస్త్రచికిత్సలు జరిగెను. 1994 పంచాయతిరాజ్ చట్టము, ఇద్దరికి మించి సంతానము గలవారు గ్రామపదవులకు పోటీచేయరాదనెను. అట్టి నియమములున్న రాష్ట్రములలో పదవికై బిడ్డను దత్తత కిచ్చినవారిని, భార్యను విడిచినవారిని గూర్చి పరిశోధకులు వ్రాసిరి. ఆ నియమమును 2024లో ఆంధ్రప్రదేశ్ తొలగించెను. 2025లో తెలంగాణ ప్రభుత్వమును తొలగింప నిశ్చయించెను. ఒక్క బిడ్డయే యని శాసించిన చైనా, 2021లో ముగ్గురిని కనవచ్చుననెను. ఐనను 2022 నుండి అచ్చట జనసంఖ్య తగ్గుచునేయున్నది.

కేరళమున నిట్టి శిక్ష లేదు. ఆడపిల్లల చదువును, శిశువుల ఆరోగ్యమును పెంచి, 1990కి ముందే అది ఇద్దరు బిడ్డల స్థితికి వచ్చెను. 2019-21 సర్వేలో తెలంగాణమున స్త్రీకి సగటున 1.8 మంది బిడ్డలు. పదవతరగతి దాటిన బాలిక పెండ్లికి తొందరపడదు. బిడ్డ బ్రదుకునని నమ్మిన తల్లి మరియొకరిని కోరదు. బడిపంతులుగా నేను ఏటేట గమనించిన దిదియే.

కావున పెద్దలకు నా మనవి. పదునెనిమిదేండ్లు నిండక కూతునకు పెండ్లి సేయకుడు. కొడుకు పుట్టువరకు కానుపులు సాగింపుమని కోడలిని నిర్బంధింపకుడు. శస్త్రచికిత్సలలో నూటికి తొంబదికి పైగా స్త్రీలకే జరుగుచున్నవి. పురుషులకు చేయునది అంతకంటె సులభమైనది. ఈ మాట మీ కొడుకులకు చెప్పుడు. ఎందరు బిడ్డలు కావలెనో మోసి కనునట్టి తల్లిని ముందుగా నడుగుడు.