సైన్యసామగ్రి: పేరు, సంఖ్య, పుట్టుక
(పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



సైన్యమనగానే మనకు ఫిరంగులును విమానములును స్ఫురించును. నేడు మేము ప్రస్తావింపబూనినది చూపులకు మిక్కిలి యల్పమగు వస్తువు. అది యొక నల్లని నురుగుముక్క, లేదా రబ్బరుపలక. దానిని రేడియో తరంగశోషక మందురు. బొగ్గుపొడి నింపిన నురుగుగాని, ఇనుపపొడి కలిపిన రబ్బరుగాని తనపై బడిన తరంగమును తిరుగగొట్టక గ్రహించి వేడిగా మార్చును. 1944వ సంవత్సరమున జర్మనులు తమ జలాంతర్గాముల గాలిగొట్టములకు ఇట్టి కవచమునే తొడిగి, శత్రువిమానముల రాడారునకు చిక్కకుండ యత్నించిరి. నేడిది రాడారు పెట్టెలలోను, ఆంటెన్నాల చుట్టును, పరీక్షాశాలల గోడలపైనను వాడుకలో నున్నది.

దీనిని కొనుటలో చిక్కేమన, కంటికి అన్నియు నొక్కటియే. 10 గిగాహెర్ట్జుల తరంగము పొడవు 3 సెంటీమీటర్లు. అందు నాల్గవ వంతగు 7.5 మిల్లీమీటర్ల యెడమును బట్టి నిర్మించిన శోషకము, 10 సెంటీమీటర్ల తరంగమునెడ చాలవఱకు నిష్ప్రయోజనము. 20 డెసిబెల్లులనగా నూటికొక పాలు శక్తి మాత్రమే తిరిగివచ్చునని యర్థము. ఏ తరంగమునకో చెప్పనిచో ఆ యంకెకు విలువ లేదు. “నల్లనురుగు, రెండడుగులు” అని వ్రాసికొన్న పట్టిక, చతుస్సరిహద్దులు లేని దస్తావేజు వంటిది. దానిని నమ్మి యెవ్వరును స్వాధీనము పొందజాలరు.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికావారి కీ బాధ యనుభవమునకు వచ్చెను. ఒకే వస్తువు ఒక్కొక్క దళమున ఒక్కొక్క పేరు దాల్చుటచే, ఒక గిడ్డంగిలో గుట్టలై పడియున్నను, మఱియొక దళమువా రది లేదని క్రొత్తగా కొనుచుండిరి. తుదకు 1952లో సామగ్రి పట్టికకై చట్టము చేసికొనిరి. నేడు అనేక దేశములు పాటించు పద్ధతిలో వస్తువునకు 13 అంకెల సంఖ్య యుండును. మొదటి నాలుగును తరగతిని దెలుపును. 5985 అనగా ఆంటెన్నాలు, తరంగవాహికలు మొదలగునవి. తరువాతి రెండును సంఖ్య నిచ్చిన దేశమును దెలుపును. మన దేశమునకు 72. మిగిలిన యేడును ఆ వస్తువున కే చెందును.

సంఖ్య యొక్కటియే చాలదు, పుట్టుక తెలియవలెను. అమెరికా సెనేటు సంఘము 2012లో వెలువరించిన నివేదికలో, రక్షణ సరఫరాలో నకిలీలని సందేహింపబడిన విడిభాగములు పదిలక్షలకు మించినవని తేలెను. భూమి కొనునపుడు లింకుదస్తావేజులు చూడక సొమ్మిత్తుమా? సైనికుని ప్రాణ మాధారపడు వస్తువునకు అంతపాటి విచారణయైన వలదా?

మన దేశమున 1962లోనే ప్రామాణీకరణ డైరెక్టరేటు ఏర్పడెను. హైదరాబాదున రక్షణ ఎలక్ట్రానిక్సు పరిశోధనశాల గలదు. దాని చుట్టుపట్ల చిన్న కార్మాగారములు నడుపు తెలుగువారును గలరు. వారికి మా మనవి యిది: ప్రతి పోతకును సంఖ్య వేయుడు, కొలిచిన ఫలితమును జతపఱచుడు, ముడిసరకు ఎచ్చట గొంటిరో దాచక వ్రాయుడు. పరదేశపు పలకకు చీటి మార్చినంతనే యది స్వదేశి కానేరదు. కొనువారికిని ఒక మాట: కొలత లేని సరకును తక్కువ ధరకు గొనిన, కొలిచి యిచ్చు నిజాయితీపరుడు దుకాణము మూసికొనును. అపుడు యుద్ధమే వచ్చిన మనము పరుల వాకిట నిలువవలసివచ్చును.

గిడ్డంగి గుమాస్తా వ్రాయు పంక్తియు దేశరక్షణలో భాగమే. అది సత్యముగా నుండునట్లు చూచుట మనందఱి విధి.