అప్పీలు గడువు దాటనీయకండి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు కక్షలు ఎన్ని ఇళ్ళు కూల్చాయో మీకు చెప్పనక్కరలేదు. మీదపడినవాణ్ణి అడ్డుకోబోయి హత్యకేసులో శిక్షపడినవారి గురించి రెండు మాటలు మనవి చేస్తాను.

మనకిప్పుడు జ్యూరీ లేదు. ఆత్మరక్షణా, కాదా అని తేల్చేది జడ్జిగారే. ముద్దాయి ఆ వాదన ఎత్తకపోయినా, సాక్ష్యంలో కనబడితే కోర్టు పరిశీలించవచ్చునని మున్షీరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సదుద్దేశంతో హద్దుమీరితే హత్య కాక తక్కువ నేరమవుతుంది. ప్రమాదం తప్పాక వెంటపడి నరికితే మాత్రం ఆ హక్కు లేదు.

వకీలుకు వ్యవధి ఇవ్వకుండా విచారణ జరిపితే? 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్షను రద్దుచేసి, మళ్ళీ విచారించమన్నది. ఉరి, యావజ్జీవ కేసుల్లో కోర్టు నియమించే వకీలుకు 10 ఏళ్ళ అనుభవం, తయారీకి కనీసం 7 రోజులు ఉండాలన్నది.

హైకోర్టుకు అప్పీలు గడువు 60 రోజులు, ఉరిశిక్షకు 30. ముద్దాయికి తీర్పు నకలు ఉచితం. జైలు నుంచే అప్పీలు పంపుకోవచ్చు. ఖైదీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. ఫోను 15100.

అర్జీలు రాసి పండిన చేతులు మనవి. మీ వీధిలో అటువంటి తల్లి ఉంటే, గడువులోగా ఒక అర్జీ రాసిపెట్టండి.