నిప్పుతో తిరిగే పాటపెట్టె
(సంఘం ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యవర్గ మిత్రులు కొందరు మమ్మల్ని ఒక కోరిక కోరారు. ఈ ఊళ్ళో పాత యంత్రాలు సేకరించే ఒక పెద్దమనిషి దగ్గర స్పిరిటు దీపంతో నడిచే గ్రామఫోను ఉన్నది. దాన్ని ఒక్క సాయంత్రానికి అరువు తెచ్చి, సంఘం పెట్టెల్లో భద్రంగా ఉన్న పాత తెలుగు ప్లేట్లలో ఒకటి దానిమీద వేసి సభకు వినిపించాలని వారి ముచ్చట. సంఘంలో పాత ప్లేట్లను చూసుకొనే నలుగురమూ వెళ్ళి ఆ యంత్రాన్ని చూసి వచ్చాం. అది పాడుతుండగా విన్నాం కూడా. అయినా ఆ ముచ్చటకు ఒప్పుకోలేకపోయాం. కాదన్నవాళ్ళు కారణం చెప్పుకోవాలి గదా. అందుకని ఈ నాలుగు మాటలు.

ముందు యంత్రం సంగతి. దాని పేరు మాస్ట్రోఫోను. స్విట్జర్లాండులో జూరా కొండల మీద సాంత్‌క్రువా అనే చిన్న ఊరున్నది. చలికాలమంతా మంచులో మునిగివుండే ఊరు. పొలం పనులు లేని ఆ నెలల్లో ఇళ్ళల్లో కూర్చుని గడియారాల భాగాలు, ఆ తరువాత సంగీతపు పెట్టెలు చేయడం అక్కడివారికి అలవాటు. 1814లో అక్కడే పయ్యార్ కుటుంబం వ్యాపారం మొదలుపెట్టింది. గ్రామఫోను వచ్చి సంగీతపు పెట్టెల గిరాకీని మింగేస్తే, వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. తామే గ్రామఫోనులు చేయసాగారు. తరువాతి కాలంలో బోలెక్స్ సినిమా కెమెరాలూ, హెర్మెస్ టైపు మిషన్లూ ఆ కంపెనీ పేరుమీదే వచ్చాయి. రికార్డు ప్లేయర్ల వల్ల మనలో కొందరికి తెలిసిన థోరెన్స్ కంపెనీ కూడా 1883లో ఆ ఊళ్ళోనే పుట్టింది. మాస్ట్రోఫోను 1910 ప్రాంతపు సరుకు.

చూడటానికి అందరి గ్రామఫోనులాంటిదే. కర్ర పెట్టె, పైన తిరిగే పళ్ళెం. తేడా అంతా లోపల. మామూలు గ్రామఫోనులో ఉక్కు స్ప్రింగు ఉంటుంది. పక్కనున్న పిడి తిప్పి కీ ఇస్తే ఆ స్ప్రింగు బిగుసుకొని, విప్పుకుంటూ పళ్ళాన్ని తిప్పుతుంది. ఇందులో స్ప్రింగు లేదు, కీ లేదు. ఒక చిన్న స్పిరిటు దీపం, దాని మంటకు ఎదురుగా ఒక లోహపు గొట్టం, ఒక బరువైన చక్రం ఉంటాయి. దీపం వెలిగించి, గొట్టం బాగా కాగేదాకా ఆగి, చక్రాన్ని చేత్తో కాస్త తోస్తే, ఇక దానంతటది తిరుగుతుంది. మన ఊళ్ళల్లో పెళ్ళిపందిట్లో పెట్రొమాక్స్ లైటు వెలిగించినవాళ్ళకు ఆ తతంగం వెంటనే అర్థమవుతుంది. మొదట కింది గిన్నెలో స్పిరిటు పోసి నీలిమంట పెట్టి, అది కాగేవరకూ చుట్టూ మూగిన పిల్లల్ని దూరంగా నెట్టడం గుర్తుంది గదా.

గొట్టంలో ఆవిరి లేదు, పెట్రోలు లేదు. ఉన్నది గాలి, అదీ బయటికి పోని గాలి. ఎండలో వదిలిన సైకిలు ట్యూబు బిగుసుకొని ఠప్పున పేలడం మనం చూసిందే. వేడెక్కిన గాలి ఎక్కువ చోటు కావాలంటుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. గొట్టానికి ఒక కొస దీపం దగ్గర, ఒక కొస చల్లగా దూరంగా. లోపల వదులుగా ఆడే పిస్టను ఒకటి ఆ గాలిని వేడి కొస నుంచి చల్లటి కొసకూ, మళ్ళీ వేడి కొసకూ తరుముతూ ఉంటుంది. గాలి పొంగినప్పుడు బిగుతుగా అమర్చిన రెండో పిస్టనును ముందుకు తోస్తుంది, ముడుచుకున్నప్పుడు వెనక్కి లాగుతుంది. ఈ ముందువెనకల ఆటను చక్రం తిరుగుడుగా మారుస్తుంది. రెండు పిస్టన్లూ ఒకేసారి కదలవు. ఒకటి ముందు, పావు చుట్టు ఆలస్యంగా రెండోది. కోలాటంలో ఒకరు వేసిన దెబ్బకు రెండోవారు అందుకున్నట్టు ఉంటుంది.

ఈ ఇంజను ఊహించినవాడు ఇంజనీరు కాదు, చర్చిలో ప్రసంగాలు చేసుకొనే పాదిరి. స్కాట్లండుకు చెందిన రాబర్టు స్టిర్లింగు. 1790లో పుట్టి, 1816లో దీనికి పేటెంటు అడిగాడు. ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు చచ్చిపోతున్న రోజులవి. ఈయన ఇంజనులో బాయిలరే లేదు. 1818లో ఎయిర్‌షైరులో ఒక రాతి గనిలో నీళ్ళు తోడటానికి ఒకటి పెట్టారు. తరువాత ఆయన తమ్ముడు జేమ్సు డండీ పట్టణపు ఫౌండ్రీలో పెద్దదే నడిపించాడు. అయితే ఎడతెగని మంటకు ఆనాటి ఇనుము ఓర్చుకోలేదు; గొట్టాలు కాలి పాడయ్యేవి. ఆలోచన మంచిదే, లోహం చాలలేదు. రాబర్టు స్టిర్లింగు మాత్రం పాదిరిగానే బతికి 1878లో కన్నుమూశాడు.

పెద్ద ఫ్యాక్టరీల్లో నెగ్గలేని ఆ ఇంజను చిన్న పనుల్లో స్థిరపడింది. మనవైపు కూడా దాని జాడ ఉన్నది. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో కరెంటు లేని బంగళాల్లో కిరసనాయిలు ఫ్యానులు తిరిగేవి. అడుగున కిరసనాయిలు దీపం, పైన రెక్కలు, మధ్యలో ఇదే వేడిగాలి ఇంజను. వేసవిలో చల్లగాలి కోసం గదిలో నిప్పు పెట్టుకున్నవారి ఓపికకు మాత్రం జోహారు!

అదే ఇంజనును పాటకు ఎందుకు పెట్టారంటే, అది నిశ్శబ్దంగా నడుస్తుంది. పేలుడు లేదు, బుసలు లేవు. పాట వినే పెట్టెలో ఇంజను మోత వినపడకూడదు గదా. ఈ గుణానికి విలువ తరువాతా తగ్గలేదు. 1996 నుంచి స్వీడను నౌకాదళంలో చేరిన గాట్‌లాండు తరగతి జలాంతర్గాములు నీటి అడుగున ఎక్కువ రోజులు చప్పుడు లేకుండా ఉండటానికి స్టిర్లింగు ఇంజన్లనే వాడుతున్నాయి. ఒకనాడు పాట చెడకుండా ఉండటానికి కోరిన నిశ్శబ్దం, నేడు శత్రువుకు వినపడకుండా ఉండటానికి పనికివచ్చింది.

ఇంత మంచిది మరి ఎందుకు నిలవలేదు? కర్ర పెట్టెలో నిప్పు, స్పిరిటు వాసన, వెలిగించి వేచివుండటం అన్నవి అందరూ చెప్పే కారణాలు. నిజమే. వేగం కూడా ఒక తలనొప్పి. పళ్ళెం నిమిషానికి 78 చుట్లు తిరగాలి. నూటికి ఆరు పాళ్ళు తగ్గి 73, 74 చుట్లకు వచ్చిందా, ఒకటిన్నర శ్రుతిలో పాడిన విద్వాంసుడు ఒకటో శ్రుతిలోకి దిగిపోతాడు. పెట్టె లోపల వేడెక్కేకొద్దీ చల్లగా ఉండవలసిన కొస కూడా వేడెక్కుతుంది. రెండు కొసల తేడా తగ్గితే ఇంజను బలం తగ్గుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికి తిరిగే గుండ్ల గవర్నరు ఉన్నా, అది ఉన్న బలాన్ని పట్టి ఆపగలదే గాని లేని బలాన్ని తెచ్చిపెట్టలేదు.

మాకు తోచిన అసలు కారణం వేరు. కీ ఇచ్చే శ్రమ తప్పించాలని ఈ యంత్రం చేశారు. కాని ఆనాటి పది అంగుళాల ప్లేటు పాడేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ కాగానే ఎవరో ఒకరు లేవాలి. ప్లేటు తిప్పాలి. ఉక్కు ముల్లు తీసి కొత్త ముల్లు పెట్టాలి, ఎందుకంటే ఆ ముల్లు ఒక వైపుకే సరి. అంత పనికి లేచినవాడికి ఇంకో ఇరవై సార్లు పిడి తిప్పడం ఏమంత బరువు? మన ఇళ్ళల్లో ఆ పని చిన్నపిల్లలదీ, వాళ్ళు పోట్లాడుకునేది కూడా కీ ఎవరివ్వాలన్నదాని మీదే. ఇంటికి కుక్క బొమ్మ పెట్టె వస్తే, పాట కంటే ముందు ఆ పిడే వాళ్ళకు సంబరం. ఎవరికీ బరువుకాని పనిని తప్పించడానికి పాపం ఈ స్విస్సు పనివాళ్ళు ఎంతో నేర్పు ఖర్చుపెట్టారు. తరువాత మంచి స్ప్రింగులు చవకయ్యాయి, విద్యుత్తు మోటార్లు వచ్చాయి. దీపానికి పని లేకపోయింది.

ఇలాంటిదే మరోసారి జరిగింది. హాలండులో ఫిలిప్సు కంపెనీ 1930ల చివర ఇదే స్టిర్లింగు ఇంజనును మళ్ళీ చేతికెత్తుకున్నది. కరెంటు లేని ఊళ్ళల్లో వాల్వుల రేడియోలు నడపటానికి, దీపపు నూనెతో నడిచే, చప్పుడు లేని చిన్న జనరేటరు చేయాలని వారి ఆలోచన. ఏళ్ళ తరబడి శ్రమించి 1950ల మొదట్లో కొద్ది సంఖ్యలో తయారుచేశారు కూడా. ఈలోగా 1947లో పుట్టిన ట్రాన్సిస్టరు పెద్దదై రేడియోలోకి వచ్చేసింది. చేతిలో పట్టే సెల్లులతో రేడియో పాడుతుంటే జనరేటరు ఎవరికి కావాలి? పాట కోసం రెండుసార్లు వచ్చిన ఇంజను, రెండుసార్లూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు మన ప్లేట్ల సంగతి. ఇక్కడ కూర్చున్నవారిలో కొందరి ఇళ్ళల్లో అటక మీదో గ్యారేజీలోనో అవి ఉన్నాయని మాకు తెలుసు. నాన్నగారు పోయినప్పుడు తెచ్చుకున్నవో, అత్తగారి పెట్టెలో దొరికినవో. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తదితరులు పాడగా తొలి రికార్డులు తీశారు. మొదట్లో ప్లేట్లు అచ్చు కావడానికి జర్మనీలోని హానోవరు దాకా పోయి రావాల్సివచ్చేది. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చింది. అప్పట్నుంచి దక్షిణాదిన త్యాగరాజ కీర్తనలు మొదలు కపిలవాయి రామనాథశాస్త్రి నాటక పద్యాల దాకా, ఘంటసాల పాడిన కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ దాకా ఎన్ని తెలుగు గొంతులు ఈ నల్లటి ప్లేట్ల మీదికెక్కాయో! గంటసేపు సాగే రాగాన్ని మూడు నిమిషాల్లో ఇమిడ్చారు. వన్స్‌మోరులతో తెల్లవారేదాకా సాగిన నాటక పద్యం కూడా ఆ మూడు నిమిషాలకే తల ఒగ్గింది.

ఆ ప్లేట్లు దేనితో చేసినవి? లక్కతో. మన మోదుగ చెట్లమీదా, రేగు చెట్లమీదా చిన్న పురుగులు కూర్చే లక్కే. దాన్ని శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి వేడిగా అచ్చువేసేవారు. ప్రపంచమంతటి గ్రామఫోను ప్లేట్లకూ కావలసిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే పోయేది. కారూసో పాడిన ఇటాలియను పాటకు ఆధారం కూడా మన అడవి చెట్ల మీది లక్కే అన్నమాట. రాతిపొడి ఎందుకంటే, ఉక్కు ముల్లు అరిగి గాడి ఆకారానికి సరిపోవాలి. ముల్లు అరుగుతుంది, దానితోపాటు ప్రతిసారీ గాడి కూడా కొంచెం అరుగుతుంది. పాత గ్రామఫోను తలకాయ ప్లేటుమీద మోపే బరువు నూరు గ్రాములకు పైమాటే. నేటి రికార్డు ప్లేయరు ముల్లు మోపేది రెండు మూడు గ్రాములు.

ఇంకొకటి. లక్క దేనిలో కరుగుతుంది? స్పిరిటులో. వడ్రంగి పాలిషు పెట్టేముందు లక్కను స్పిరిటులో నానబెట్టడం అందరూ చూసినదే. మాస్ట్రోఫోనులో పైన లక్క ప్లేటు తిరుగుతుంటే, కింద అడుగు దూరంలో దాన్ని కరిగించే స్పిరిటే మండుతూ ఉంటుంది. పోసేటప్పుడు చెయ్యి వణికి నాలుగు చుక్కలు ప్లేటుమీద పడ్డాయా, ఆ చోట గాడీ లేదు, గొంతూ లేదు.

కారణం ఇదీ. మేము విన్నప్పుడు ఆ పెద్దమనిషి వేసింది ఏ దుకాణంలోనైనా దొరికే ఒక ఇంగ్లీషు బ్యాండు ప్లేటు. పాడినంతసేపూ ఇంజను చప్పుడు చెవికి ఆనలేదు, చూడముచ్చటగానే ఉన్నది. మన పెట్టెల్లో ఉన్న ప్లేట్లలో కొన్నిటికి రెండో ప్రతి ఎక్కడున్నదో మాకు ఇంతవరకు దొరకలేదు. వాటిని ఒక సాయంత్రపు వేడుకకు ఆ ముల్లు కింద పెట్టలేం. యంత్రం పాతదే, ప్లేటు పాతదే గదా, జోడీ బాగుంటుందని మిత్రులు వాదించారు. యంత్రానికి మళ్ళీ విడిభాగం చేయించవచ్చు. అరిగిపోయిన గొంతుకు విడిభాగం ఎక్కడ తెస్తాం?

అందుకని ఈ సాయంత్రం వినిపించబోయేది, తేలిక ముల్లుతో నెమ్మదిగా ఎత్తి కంప్యూటరులో దాచిన ప్రతి. చిటపటలు పూర్తిగా తుడిచివేయలేదు. తుడిస్తే గొంతు కూడా కొంత పోతుంది. వేగాన్ని హార్మోనియం దగ్గరపెట్టుకొని సరిచూశాం, ఎందుకంటే ఆనాడు రికార్డు తీసిన వేగం అన్నిచోట్లా కచ్చితంగా 78 కాదు.

ఇళ్ళల్లో ప్లేట్లున్నవారికి మూడు మనవులు. ఒకదానిమీద ఒకటి పేర్చవద్దు, పుస్తకాల్లాగా నిలబెట్టండి. బరువుకు కిందివి పగులుతాయి. హీటరు పక్కన, గ్యారేజీ వేడిలో ఉంచవద్దు, లక్క వంగిపోతుంది. దుమ్ము పట్టిందని స్పిరిటుతోగాని, స్పిరిటు కలిసిన ఏ మందుతోగాని తుడవవద్దు. మెత్తని పొడి బ్రష్షు చాలు. పగిలిన ముక్కలైనా పారేయకండి, ముక్కల్ని చేర్చి కూడా కొంత పాట ఎత్తవచ్చు. వెనక వరసలో మా బల్ల ఉన్నది. ప్లేటుమీది కాగితంలో ఉన్న పేరూ నంబరూ రాసి ఇచ్చినా చాలు, మీ ఇంటికే వచ్చి చూసుకుంటాం. ప్లేట్లు మీవి మీ దగ్గరే ఉంటాయి.

ఇక పాట వేయమని మా తమ్ముడికి చెబుతున్నాం.