మన్నిక గల మట్టి యిల్లు



తెలుగు పల్లెలకు మట్టిగోడ క్రొత్తది కాదు. అది వేసవిలో చల్లగా నుండును. సరకు ఊరి పొలిమేరలోనే దొరకును. దానికి శత్రువు నీరు. మట్టిలోని బంక తడిసినచో ఉబ్బును, ఆరినచో కుంచించుకొని పగుళ్లిచ్చును. ముసురు పట్టిన రాత్రి మట్టిగోడ కూలి నిద్రించువారు మరణించిన వార్తలు నేటికిని వినవచ్చుచునే యున్నవి. కాల్చిన ఇటుక ఈ భయమును పోగొట్టును గాని, బట్టీకి కట్టెలో బొగ్గులో వలయును. ఆ వ్యయము పేదవానికి భారము.

ఈ రెంటికి నడిమి మార్గము, కొలదిగా సిమెంటు గాని సున్నము గాని కలిపి యంత్రమున అదిమిన మట్టి యిటుక. 1950 దశకమున కొలంబియా దేశపు బొగోటా నగరములో రౌల్ రమీరెజ్ అను ఇంజనీరు ఇందులకై చేతితో నడుపు 'సిన్వా-రామ్' యంత్రమును రూపొందించెను. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయందు వెలసిన 'ఆస్ట్రా' విభాగము ఈ దేశపు పల్లెలకు తగిన యంత్రమును సిద్ధపరచెను. 1989లో స్థాపితమైన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఈ విద్యను నేర్పుచున్నది.

అదుముటచే గాలిసందులు తగ్గి యిటుక గట్టిపడును. కాని అంతమాత్రమున నీటికి నిలువదు. సిమెంటు ఇసుక రేణువులను ఒండొంటికి బంధించును. సున్నము బంకతో రసాయనికముగా కలిసి దాని గుణమునే మార్చును. కావున ఇసుకపాలు హెచ్చైన ఎర్రనేలకు సిమెంటు, బంకపాలు హెచ్చైన మట్టికి సున్నము తగును. సిమెంటు సాధారణముగా నూటికి 5 మొదలు 8 పాళ్లు చాలును. నల్లరేగడిని ఒంటిగా వాడరాదు. పంట పండించు పైమట్టి పనికిరాదు. దానిని ప్రక్కకు తీసి క్రిందిమట్టినే త్రవ్వవలెను.

మట్టిని పరీక్షించుటకు గాజుసీసా చాలును. మట్టి, నీరు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి ఒక దినము కదలక ఉంచినచో, అడుగున ఇసుకయు, దానిపై ఒండ్రును, అన్నిటికంటె పైన బంకయు పేరుకొనును. తడి పాలు తెలియుటకు కలిపిన మట్టిని ఉండచేసి నడుమెత్తునుండి జారవిడువవలెను. పొడియైనచో నీరు చాలలేదు. పగులక అణగినచో నీరు మించినది. నాలుగైదు ముక్కలైనచో సరిపోయినది.

పెక్కు ఇండ్లు చెడునది ఇటుపిమ్మటనే. సిమెంటు కలిపిన మట్టిని వెంటనే అచ్చువేయక నిలువ ఉంచుటయు, ఇటుకలను ఎండలో వదలివేయుటయు గొప్ప పొరపాట్లు. వానిని నీడలో పేర్చి, గోనెపట్టాలు కప్పి, దినదినము తడుపుచు, 28 దినములు గడచిన పిదపనే గోడకు వాడవలెను. తడుపుటకు బద్ధకించినవాడు సిమెంటు వెలను మట్టిపాలు చేసినవాడే యగును. ఒక యిటుకను రాత్రియంతయు నీట నానవేసి చూచినచో నిజము తేలును. రాతి పునాదియు, వెడల్పైన చూరును లేనిచో మంచి యిటుకయు చిరకాలము నిలువదు.

ఏ చేనిమట్టికి ఏది ఎంత కలిపిన నిలిచినదో ఒక పుస్తకమున వ్రాసి ఈ గ్రంథాలయమున ఉంచినచో, ఇల్లు కట్టుకొనదలచిన ప్రతి కుటుంబమునకు అది పెట్టుబడిలేని సహాయమగును. ఒకరు కష్టపడి తెలిసికొన్నది పదుగురికి అందుటయే గ్రంథాలయ ధర్మము.