గాలికి రెండు దారులు

బొగ్గుబాయి పని ఎరిగిన బెల్లంపల్లి ఇళ్లకు గాలి విలువ బాగా తెలుసు. బాయిలోకి మంచి గాలి ఒక దారిన దిగుతుంది. చెడుగాలిని పెద్ద ఫ్యాను ఇంకో దారిన లాగేస్తుంది. పని జాగాలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదని నిబంధన.

ఇంటికీ అదే సూత్రం. ఎదురెదురు కిటికీలు రెండూ తెరిస్తేనే గాలి బాగా ఆడుతుంది. ఎండాకాలం తెల్లవారుజామున, పొద్దుగూకాక తెరవండి. వడగాలి వీచే మధ్యాహ్నం, దుమ్ము లేచినప్పుడు మూయండి.

చలికాలంలో మాత్రం, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొయ్యి వెలిగించే ముందే వంటింటి కిటికీ తెరవండి, వంటయ్యాకా కాసేపు అలాగే ఉంచండి.